క్లెమ్ మామయ్య మీద ప్లాస్టిక్ కేసు

న్యూకాజిల్,
మే 9

స్టెన్‌లో ఊరి తరిణె సంఘం అధ్యక్షులు, మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, ప్రస్తుతం ముద్దాయి అయిన క్లెమ్ మామయ్యకి,

పుట్టినరోజు పెన్ను అందింది. చాలా బాగుంది. యూ చెట్టు కర్ర కదూ? ఎర్రటి ఒళ్ళు, నడుమ మీగడ రంగు చార. పట్టుకుంటే అర్జెంటుగా ఎవరికో వీలునామా రాసిపెట్టాలనిపించింది. ఆస్తి లేక ఊరుకున్నాను. ఈ ఉత్తరం దానితోనే రాస్తున్నాను. కృతజ్ఞతలు ఇంతటితో సమాప్తం, ఇక కేసులోకి వద్దాం.

ఏటా నీ డబ్బా తెరవగానే ముందు పెన్ను కనిపించదు, చెక్క పొట్టు కనిపిస్తుంది. నీ తరిణె లేత్ మీద కర్ర తిప్పి చెక్కేటప్పుడు కింద రాలిన పొట్టునే పెన్ను చుట్టూ దట్టిస్తావు. గదంతా నీ షెడ్డు వాసనేస్తుంది. నెల్లాళ్ళపాటు నా మేజోళ్ళలో ఆ పొట్టు దొరుకుతూ ఉంటుంది. నాకది పండగ.

ఈసారి తెరిచాను. లోపల ఊదారంగు.

మామయ్యా, ఊదా! సన్నటి రిబ్బన్లు, మెలికలు తిరిగి, ఒకదాన్ని పట్టుకు లాగితే గుమ్మందాకా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పళ్ళ డాక్టరు గది వాసన. నాతో ఇల్లు పంచుకునే అమ్మాయి దాన్ని దువ్వి, జడేసి, తలుపుకి వేలాడదీసింది. ఆ జడే సాక్ష్యం, వస్తువు నంబరు ఒకటి.

అభియోగం వినుము. సంఘం నియమావళిలో "పోటీ బల్లపై చెక్కతో చేసినది తప్ప మరేదియు ఉంచరాదు" అని రాసింది ఎవరు? నువ్వు. పాపం మీ సంఘంలోని మారిస్ గారు ముచ్చటపడి ఆకుపచ్చ ప్లాస్టిక్ పెన్ను చేసుకొస్తే, దాన్ని రుమాలుతో పట్టుకుని, "ఎవరిదో టూత్‌బ్రష్ పిడి ఊడింది" అంటూ టీ ట్రేలో పడేసింది ఎవరు? నువ్వే. అలాంటి నీ లేత్ కింద ప్లాస్టిక్ పొట్టా?

సంజాయిషీ ఉత్తరంలోనే ఇవ్వవలెను. ఫోను చేద్దామంటే, "కొత్త పెన్నులు రాసి చూడాలి, ఇక నుంచి ఉత్తరాలే" అని చలికాలంలో నువ్వే చట్టం తెచ్చావు కదా.

ఇట్లు,
ప్రభుత్వం వారి తరఫు న్యాయవాది (మూడో సంవత్సరం, ఇంకా పాసవలేదు)
టెస్సా


స్టెన్‌లో, డెర్బీషైర్,
మే 17

ఒసేయ్ టెస్సా,

నిన్ను లా చదివిస్తున్నది బంధువుల్ని జైల్లో పెట్టించడానికా? మీ అమ్మకి చెప్తానుండు.

సరే, ఒప్పుకుంటున్నాను. డబ్బా సర్దేటప్పుడు కిందికి చెయ్యి పెట్టి అందిన పొట్టు కూరాను. చూసుకోలేదు. దొంగలందరూ ఇలాగే దొరుకుతారు కాబోలు.

ప్లాస్టిక్ పెన్ను చేస్తున్నాను. ఒకటి కాదు, చాలా చేశాను. ఎందుకంటావా, విను. చెక్క కుదురుగా ఉండే వస్తువు కాదు. వాన వస్తే ఉబ్బుతుంది, హీటరు వేస్తే ముడుచుకుంటుంది. పెన్ను లోపల ఉండేది ఇత్తడి గొట్టం. దానికి ఉబ్బడం లేదు, ముడుచుకోవడం లేదు. ఇద్దరినీ జిగురుతో కట్టేసి కాపురం చెయ్యమంటాం. మన చర్చి పాదిరీ గారికి ఓక్ చెక్కతో పెన్ను చేసిచ్చానా, ఆయన దాన్ని హీటరు మీద గట్టున పెట్టాడు. ఆదివారం ప్రార్థన మధ్యలో టప్పుమని నిలువునా చీలింది. ఆయన అది దైవవాణి అనుకుని ఒక నిమిషం ఆగాడట.

పైగా చెక్కకి మెరుగు పూయాలి. పూత మీద పూత, అరగదీయడం, మళ్ళీ పూత. ఇంతా చేస్తే, రాసేవాడి అరచేతి చెమట రెండేళ్ళలో దాన్ని తినేస్తుంది. పెన్ను కాస్తా పాత గరిటె కాడలా తయారవుతుంది. ప్లాస్టిక్‌కి పూత లేదు. పైన ఏ రంగో లోపలా అదే రంగు. గీత పడితే రుద్దు, మెరుస్తుంది, అంతే.

రంగుల సంగతి నీకు చెప్పక్కర్లేదు, జడేసుకున్నారుగా. ఏ అడవిలోనైనా ఊదారంగులో నీలం సుడులు తిరిగే చెట్టు ఉందా? ఈ ముదురు వయసులో నాకు నీలం సుడులు కావాలనిపించింది. అది కూడా నేరమేనా?

హోవర్డ్‌కి మాత్రం చెప్పకు. ఇప్పటికే సంఘం కార్యదర్శినన్న గీరతో చస్తున్నాడు.

నీ మామయ్య,
క్లెమ్

ఇది రాసిన పెన్ను పసుపుపచ్చది, తేనె రంగు మరకలతో. మారిస్ చూస్తే ఏడుస్తాడు.


న్యూకాజిల్,
జూలై 2

నేరం ఒప్పుకున్న మామయ్యకి,

పరీక్షలు రాసేశాను. ఒప్పందాల చట్టంలో ఒక ప్రశ్నకి నీ యూ పెన్ను దానంతటదే జవాబు రాసింది. తప్పయితే అదే బాధ్యురాలు.

నీ వాంగ్మూలం మూడుసార్లు చదివాను. బలంగానే ఉంది. పాదిరీ గారి ఘట్టం దగ్గర కోర్టు నవ్వింది. అయితే క్రాస్ ఎగ్జామినేషన్ చెయ్యకుండా వదిలితే మా ప్రొఫెసర్లు నన్ను బతకనివ్వరు. అందుకని అడుగుతున్నాను.

చెక్క చీలడం ఈ ఏడు మొదలైందా? నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు నీ పెన్ను ఒకటి మా అమ్మ హ్యాండుబ్యాగులో చీలింది. అప్పుడు నువ్వేమన్నావు? "చెక్క ప్రాణమున్న వస్తువు, దాని ఇష్టం దానిది" అన్నావు. చెమట పూతని తినడం నిన్న కనిపెట్టారా? రంగు ప్లాస్టిక్ కడ్డీలు అంగళ్ళలోకి కొత్తగా వచ్చాయా? మారిస్ గారి టూత్‌బ్రష్ పిడి నాటికే ఉన్నాయే. ఈ కారణాలన్నీ నిజం, ఒక్కటీ కొత్తది కాదు. ముప్పై ఏళ్ళుగా ఇవన్నీ తెలిసి చెక్కని వదలని మనిషి ఇప్పుడు ఎందుకు వదిలాడు? నీలం సుడులు అని మాత్రం అనకు. నీ దగ్గర ఉన్నవన్నీ మట్టిరంగు స్వెట్టర్లే.

ఇంకో ప్రశ్న. సంఘంలో తెలుసా? నెలనెలా గురువారం కలుస్తున్నారుగా, ఈ రహస్యం జేబులో పెట్టుకుని హోవర్డ్ గారి పక్కన కూర్చుని బిస్కట్లు ఎలా తింటున్నావు? నీ మొహం మీద అన్నీ కనబడిపోతాయే!

పిండి చల్లినట్టుండే ఆ హాలంటే నాకు చిన్నప్పట్నించీ ఇష్టం. లేత్‌లు అన్నీ ఒక్కసారి తిరుగుతుంటే తేనెపట్టులో తల పెట్టినట్టుంటుంది. అందరినీ అడిగానని చెప్పు.

టెస్సా


స్టెన్‌లో,
ఆగస్టు 11

టెస్సా తల్లీ,

ఆలస్యమైంది. తోటలో పని.

కారణాలు పాతవే అన్నావు. ఒప్పుకున్నాను. మనిషికి బుద్ధి ఆలస్యంగా వస్తుంది, దానికి సెక్షన్ ఏదైనా ఉంటే రాయి.

మొన్న ఒక తప్పు చేశాను, విని నవ్వుకో. గాజులా అవతలికి కనపడే ఆకుపచ్చ కడ్డీ కొన్నాను. బెజ్జం వేశాను, ఇత్తడి గొట్టం అంటించాను, తిప్పాను, మెరుగు పెట్టాను. తీరా చూస్తే ఏముంది? పల్చటి తెల్ల చొక్కాలోంచి చిరుగుల బనీను కనిపించినట్టు, లోపలి గొట్టం, జిగురు చారలు, దాని మీద నా వేలిముద్రతో సహా బయటికి కనిపిస్తున్నాయి. చెక్కవాళ్ళం చేసే తప్పు ఇది. చెక్క లోపల ఏం జరిగినా కడుపులో పెట్టుకుంటుంది. ఇది ఏదీ దాచదు. అంటించే ముందు బెజ్జం లోపల రంగు పూయాలట. ఈ వయసులో ఒక డబ్బా రంగూ, చెవిలో పెట్టుకునే దూదిపుల్లా పట్టుకుని బెజ్జాలకి వెల్ల వేస్తున్నాను.

ఇప్పుడైతే అసలు గొట్టమే లేకుండా చేస్తున్నాను. ప్లాస్టిక్‌లో సీసా మూతకున్నట్టు మర కొయ్యొచ్చు, సన్నటి మర, మూత దానికదే బిగుస్తుంది. చెక్కలో అంత సన్నటి మర కోస్తే పీచు లేచి పొడి రాలుతుంది. మూత నుంచి మొన దాకా నా చేత్తో చేసిన పెన్ను ఇది. పాళీ ఒక్కటే కొన్నది.

అన్నిటికన్నా నాకు నచ్చింది అరగదీయడం. నీళ్ళలో చేస్తారు దీన్ని. చెక్కకి తడి తగిలితే ఒళ్ళంతా గరుకెక్కుతుంది. దీనికి నీళ్ళంటే ఇష్టం. గరుకు కాగితం ముంచి, పట్టుకుని, మెల్లగా తిప్పుతుంటే, గాలిలోకి ఏమీ లేవదు. అంతా నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. గిన్నెలో నీళ్ళు పాలలా తెల్లబడతాయి. పారబోస్తే అయిపోయింది. గాలి ఎంత తేటగా ఉంటుందో.

సంఘం బ్రహ్మాండంగా నడుస్తోంది. పోయిన గురువారం బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన గిన్నెకి నాకు రెండో బహుమతి వచ్చింది. హోవర్డ్ నిన్ను అడిగానన్నాడు. బిస్కట్లు మెత్తబడ్డాయి.

క్లెమ్


న్యూకాజిల్,
సెప్టెంబరు 14

మామయ్యా,

ఇవాళ కోర్టు లేదు.

హోవర్డ్ గారి దగ్గర్నుంచి నాకు కార్డు వచ్చింది. నా అడ్రసు అమ్మని అడిగి తీసుకున్నారట. ఆయన రాసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అమ్మాయీ, మీ మామయ్యకి నా మీద కోపం వచ్చిందా? ఫిబ్రవరి నుంచి హాలు మొహం చూడలేదు. ఇంటికెళ్తే షెడ్డులోంచి 'పనిలో ఉన్నా' అంటాడు, తలుపు తియ్యడు. నేను ఏమన్నానో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. నీకు చెప్పి ఉంటే నాకు చెప్పు. క్షమాపణ అడుగుతాను. దేనికో తెలియాలి కదా."

ఫిబ్రవరి నుంచి, మామయ్యా. మరి ఆగస్టులో ఆ రెండో బహుమతి ఎవరిచ్చారు? మెత్తబడ్డ బిస్కట్లు ఎవరింట్లోవి?

నీ ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. మొదటిదాంట్లో చెక్కని తిట్టావు. రెండోదాంట్లో గాలిని పొగిడావు. నువ్వు గాలి గురించి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ముప్పై ఏళ్ళు ఆ దుమ్ములోనే టీ తాగావు. కప్పు మీద పడితే ఊదుకుని తాగావు.

ఫోన్లు ఎందుకు మానేశావో కూడా ఇప్పుడు అనుమానం వస్తోంది. పెన్నులు రాసి చూడటానికి కాదు కదూ? ఫోనులో అయితే ఊపిరి వినబడుతుంది.

హోవర్డ్ గారికి నేనింకా జవాబు రాయలేదు. ఏం రాయను?

టెస్సా


స్టెన్‌లో,
సెప్టెంబరు 20

టెస్సా,

నువ్వు మంచి లాయరువి అవుతావు. అది తిట్టో మెచ్చుకోలో నాకే తెలియడం లేదు.

పోయిన ఏడాది చివర్లో దగ్గు మొదలైంది. జలుబనుకున్నాను. నీ పుట్టినరోజుకని జనవరిలోనే యూ పెన్ను తిప్పిన రోజు రాత్రంతా మంచం మీద కూర్చునే ఉన్నాను. పడుకుంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుండేది. చివరికి ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీకంటే పెద్దదేమీ కాదు ఆ పిల్ల. గొట్టంలోకి ఊదమంది. ఊదాను. మళ్ళీ ఊదమంది. "ఖాళీ సమయంలో ఏం చేస్తుంటారు?" అని అడిగింది. చెప్పాను, గర్వంగానే చెప్పాను. ఆ పిల్ల పెన్ను కింద పెట్టి కాసేపు కళ్ళు మూసుకుంది.

చెక్క దుమ్ము. ఇన్నేళ్ళూ ఊరుకుని ఇప్పుడు నా ఒళ్ళు దాన్ని శత్రువనుకుంటోందట. ఒకసారి అలా అనుకుందంటే ఇక రాజీ ఉండదట. చెక్క పూర్తిగా మానమంది. "ఉలి పట్టకుండా ఉండలేను" అన్నాను. బతిమాలాను, టెస్సా. ప్లాస్టిక్ సంగతి అడిగాను. అదీ పుణ్యక్షేత్రమేం కాదంది. కానీ పదునైన ఉలితో తిప్పితే పొడి కాదు, రిబ్బను వస్తుంది. అరగదీయడం నీళ్ళలో. మొహానికి ముసుగు, కిటికీ తెరిచి ఉండాలి, రోజుకి కాసేపే. ఆ మాత్రానికి ఒప్పుకుంది. ఇదీ నువ్వడిగిన కొత్త కారణం. మిగతావన్నీ నిజమే. ఇది లేకపోతే వాటిల్లో ఏదీ నన్ను కదిలించేది కాదు.

ఫిబ్రవరిలో హాలుకి వెళ్ళాను. లోపల అన్ని లేత్‌లూ తిరుగుతున్నాయి. గుమ్మం దాటానో లేదో ఊపిరి ఆగిపోయింది. బయటికొచ్చి గోడ మీద కూర్చున్నాను. మారిస్ వెనకే వచ్చి, "ఏంటి క్లెమ్?" అన్నాడు. "బూటు లేసు" అన్నాను. "నీ బూట్లకి లేసులు లేవుగా" అన్నాడు. లేచి ఇంటికి వచ్చేశాను.

వాళ్ళకి ఎందుకు చెప్పలేదంటావు. చెప్తే ఏం చేస్తారు? లేత్‌లు ఆపి కూర్చుంటారా, నా కోసం? అది తరిణె సంఘం. లేత్‌లు ఆపితే మిగిలేది టీ. నేను పెళ్ళి చేసుకోలేదు, ఊళ్ళో ఇంకో సావాసం పెట్టుకోలేదు. నాకున్నది ఆ గురువారం ఒక్కటే. అది పోయిందని నాకు తెలుసు. ఆ మాట వాళ్ళు జాలిపడుతూ చెప్తే వినాలా?

రాజీనామా రాసేశాను. వచ్చే వారం పోస్టులో వేస్తాను. పెద్ద లేత్ అమ్మేస్తాను. నువ్వు ఏడవకు, నేను బాగానే ఉన్నాను.

క్లెమ్


న్యూకాజిల్,
సెప్టెంబరు 24

మామయ్యా,

ఏడ్చాను. ఆనక మొహం కడుక్కుని నీ సంఘం నియమావళి తీశాను. నేను పదో తరగతిలో ఉండగా నీకు టైపు చేసిపెట్టినదే. అప్పట్లో కూలికి రెండు చాక్లెట్లు ఇచ్చావు.

కోర్టు మళ్ళీ ప్రారంభమైంది. లేచి నిలబడు.

పదకొండో నియమం: "పదవిలో ఉన్నవారి రాజీనామా, వార్షిక సమావేశంలో స్వయంగా నిలబడి చదివినప్పుడే చెల్లును. తపాలా ద్వారా పంపినది రాజీనామా కాజాలదు." రాసినవారు: క్లెమెంట్ ఆస్క్యూ. హోవర్డ్ గారు ప్రతి చలికాలం అలిగి కార్డు ముక్క మీద రాజీనామా చేస్తున్నారని, ఆ విసుగులో పుట్టించావు ఈ నియమం. కాబట్టి నువ్వు పోస్టులో వేసేది చెల్లదు, చించి పొయ్యిలో వేసుకోవచ్చు. రాజీనామా చేస్తావా, భేషుగ్గా చెయ్యి. నవంబరులో హాలుకి వెళ్ళి, అందరి ముందూ నిలబడి చదువు. వార్షిక సమావేశంలో లేత్‌లు తిప్పరుగా. ముసుగు వేసుకుని వెళ్ళు.

ఇప్పుడు న్యాయవాది కాకుండా నీ మేనకోడలు మాట్లాడుతోంది. జాలిపడతారని భయమన్నావు. కానీ మామయ్యా, హోవర్డ్ గారు ఫిబ్రవరి నుంచి తను చెయ్యని తప్పు ఏమిటా అని వెతుక్కుంటున్నారు. నీకు జాలి వద్దు, సరే. ఆయనకి కారణం కావాలి. అదొక్కటి ఇచ్చేసి ఇంటికి వచ్చెయ్. లేత్ ఆ తరవాత అమ్ముకో.

హోవర్డ్ గారికి ఒకే ఒక్క వాక్యం రాశాను: "మీరేమీ అనలేదు, ఆయనే చెప్తారు." నన్ను అబద్ధాలకోరును చెయ్యకు.

టెస్సా


స్టెన్‌లో,
నవంబరు 19

టెస్సా,

వెళ్ళాను. పదకొండో నియమాన్ని తిట్టుకుంటూ వెళ్ళాను.

ముసుగు వేసుకుని లోపలికి అడుగుపెట్టగానే అందరూ నా వైపు తిరిగారు. "పోస్టాఫీసు పక్క వీధిలో ఉంది, దొంగతనం అక్కడ చేసుకో" అన్నాడు మారిస్. ఎవరూ నవ్వలేదు. వెనక కుర్చీలో కూర్చున్నాను. హీటర్లు మండుతున్నాయి. దూలాల మీద ఇన్నేళ్ళ దుమ్ము. నేను రాల్చినదే సగం ఉంటుంది.

నా వంతు వచ్చింది. చదవాలంటే ముసుగు తియ్యాలి. తీశాను. రెండు వాక్యాలు చదివాను, మూడోదానికి దగ్గు అందుకుంది. మామూలు దగ్గు కాదు. బల్ల పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ ముసుగు వేసుకునేదాకా ఎవరూ కదల్లేదు.

హోవర్డ్ నా కాగితం తీసుకుని కింది నుంచి పైకి చూశాడు. "ఇందులో కారణం లేదే" అన్నాడు.

"ఛాతీ" అన్నాను. "చెక్క దుమ్ము పడటం లేదు. డాక్టరు మానమంది."

హోవర్డ్ కాగితం మీంచి తలెత్తాడు. "నేను ఆ బీచ్ గిన్నె గురించి అన్నదానికి అలిగావనుకున్నా" అన్నాడు.

"ఏ గిన్నె?"

"జనవరిలో తెచ్చావే. అడుగు మందంగా ఉందన్నాను."

"మందంగానే ఉంది."

"అదేగా నేనన్నది! తొమ్మిది నెలలు నిద్రపోలేదు, ముసలి వెధవా!"

కాగితం మడిచాడు. "మిత్రులారా, ఇది రాజీనామా సంగతి కాదు. కిటికీ సంగతి" అన్నాడు. కుర్చీ లాక్కుని ఎక్కాడు. ఆ కిటికీలు ఎవడో చాలా ఏళ్ళ కింద మూసిపెట్టి మీదుగా రంగు వేసేశాడు, తెరుచుకోవు. "ఉలి" అని చెయ్యి చాపాడు, ఆపరేషన్ చేసే డాక్టరులా. మారిస్ తన కొత్త ఉలి ఇచ్చాడు. కొత్తది, టెస్సా, పదును ఇంకా చెడలేదు. దాన్ని సందులో పెట్టి సుత్తితో కొడుతుంటే మారిస్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు తప్ప వద్దనలేదు. అన్ని కిటికీలూ తెరిచారు. నవంబరు గాలి, మంచు ముక్కలా లోపలికొచ్చింది. అందరూ లేచి కోట్లు వేసుకున్నారు, టోపీలు పెట్టుకున్నారు, మళ్ళీ కూర్చున్నారు. "నాలుగో అంశం, టీ కప్పులు పగలగొట్టడం గురించి" అన్నాడు హోవర్డ్, నోట్లోంచి పొగ వస్తుండగా.

రాజీనామా బలపరచడానికి ఎవరూ చెయ్యెత్తలేదు. కాబట్టి అది చెల్లదట. అదీ నా నియమమే. చూస్తుంటే ఆ పుస్తకమంతా నా మీదే రాసుకున్నట్టుంది.

ఊదారంగు పెన్ను జేబులో ఉంది. తీసి పోటీ బల్ల మీద పెట్టాను. హోవర్డ్ రెండు వేళ్ళతో తీసేశాడు. "నియమం నియమమే. మార్చాలంటే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి" అని దాన్ని టీ బండి మీద బిస్కట్ల పక్కన పెట్టాడు. టీ బండి గురించి నియమావళిలో ఏమీ లేదుగా. బండితో పాటు అది అందరి దగ్గరికీ తిరిగింది. మారిస్ వెలుతురుకి పెట్టి చూశాడు. "టూత్‌బ్రష్ పిడి బాగానే ఉంది. బెజ్జం లోపల రంగు వేశావా?"

"ఆ రహస్యం నీకెలా తెలుసు?"

"నా దాన్ని ట్రేలో పడేసిన మర్నాటి నుంచీ ఇంట్లో ఇవే చేస్తున్నా" అన్నాడు. "ముందు నీ మీద మంటతో చేశాను. తరవాత రంగులు నచ్చాయి. నా మనవరాళ్ళు చెక్కవి ఇస్తే మొహమాటానికి తీసుకుంటారు, ఇవైతే దొంగిలిస్తారు."

ఇంకా ఇద్దరు నేల చూపులు చూశారు. వాళ్ళ షెడ్లలోనూ ఉన్నాయనుకుంటాను. అడగలేదు.

ఇదంతా బాగానే ఉంది. కానీ ఇది లేత్‌లు తిప్పని సమావేశం. నెలనెలా వచ్చే గురువారం సంగతి వేరు. అది మాత్రం మారదు. మారమని నేను అడగను.

క్లెమ్


న్యూకాజిల్,
నవంబరు 25

మామయ్యా,

మూడుసార్లు చదివాను. మా ఇంట్లో అమ్మాయికి కూడా వినిపించాను. హోవర్డ్ గారిని పెళ్ళి చేసుకుంటానంటోంది.

అడగనన్నావు, సరే. నేను కూడా ఎవరికీ ఏమీ రాయను. ఒట్టు. లేత్ మాత్రం ఇప్పుడే అమ్మకు. గురువారం ఏమైందో రాయి. వెళ్ళకపోతే వెళ్ళలేదని రాయి. రెండో బహుమతి మాత్రం తెచ్చుకోకు.

టెస్సా


స్టెన్‌లో,
డిసెంబరు 12

టెస్సా తల్లీ,

హోవర్డ్ ఫోను చేశాడు. "ఈ గురువారం ఎనిమిదింటికి రా. అంతకన్నా ముందు రావద్దు" అన్నాడు. ఎందుకన్నాను. "ఎందుకేమిటి, నేను కార్యదర్శిని" అని పెట్టేశాడు.

నీకు తెలుసుగా, ఎప్పుడూ మేం ఆరుకే మొదలుపెడతాం. ఎనిమిదింటికి రమ్మన్నాడంటే నన్ను టీకి మాత్రమే పిలిచాడన్నమాట. అందరూ పని ముగించుకుని కూర్చుంటే, నేను ముసుగేసుకుని వెళ్ళి ఒక కప్పు తాగి రావాలి. ఇంటికొచ్చిన చుట్టంలా. వెళ్ళకూడదనుకున్నాను. తరవాత నువ్వు రాయమన్నావు కదా అని బయల్దేరాను. బస్సు తొందరగా వచ్చేసింది. ఏడున్నర కూడా కాకముందే హాలు దగ్గరికి చేరాను.

లేత్‌ల చప్పుడు లేదు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. పక్కనుంచి వెళ్తూ లోపలికి చూశాను.

మారిస్ నిచ్చెన ఎక్కి దూలాలు తుడుస్తున్నాడు, తడిగుడ్డతో. ఇంకొకడు హీటర్ల వెనక. ఇద్దరు బకెట్లు మోస్తున్నారు. హోవర్డ్, వింటున్నావా టెస్సా, మోకాలికి ఆపరేషనైన ఆ హోవర్డ్, నేల మీద నాలుగు కాళ్ళ మీద ఉన్నాడు. లేత్ కింద తల దూర్చి, గుడ్డ పిండుతూ, "ఆ మూల తుడిచారా? పొడిగుడ్డ పెట్టకండిరా, దుమ్ము లేస్తుంది, తడిది, తడిది!" అని అరుస్తున్నాడు. ఆరు నుంచి ఏడు వరకు తిప్పి, ఏడు నుంచి ఇదీ పని అన్నమాట.

కిటికీ పక్కనుంచి తప్పుకున్నాను. చర్చి దాకా నడిచాను. అక్కణ్ణించి స్కూలు దాకా. మెల్లగా నడిచాను, ఈ మధ్య మెల్లగానే నడుస్తున్నాను. చలికి చెవులు మొద్దుబారాయి. ఎనిమిది గంటలు కొట్టాక వెనక్కి వచ్చి తలుపు తోశాను.

అందరూ కోట్లతో కూర్చుని ఉన్నారు, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు. మధ్య బల్ల మీద నీళ్ళ గిన్నె ఉంది, గరుకు కాగితాలు ఉన్నాయి, ఎవరెవరి షెడ్లలోంచో వచ్చిన రంగు రంగుల కడ్డీలు ఉన్నాయి. చివరి కుర్చీ ఖాళీగా ఉంది. నేలంతా తడి.

"కింద నీళ్ళేమిటి?" అన్నాను.

హోవర్డ్ చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. "పైకప్పు కారుతోంది" అన్నాడు.

బయట వాన లేదు. నేను పైకి చూడలేదు. "బాగు చేయించాలి" అని కూర్చున్నాను.

క్లెమ్